పాత లగ్జరీ కారులో లైట్లన్నీ ఒకేసారి వెలిగితే తప్పు ఎక్కడ వెతకాలి?

హనుమకొండ, కాజీపేట రోడ్ల మీద పదిహేనేళ్ల నాటి బెంజ్, బీఎండబ్ల్యూ, ఆడి కార్లు కనిపించడం ఇప్పుడు వింతేమీ కాదు. కొత్తలో నలభై యాభై లక్షలు పోసి కొన్న బండి, సెకండ్ హ్యాండ్‌లో మామూలు కొత్త హ్యాచ్‌బ్యాక్ ధరకు, ఒక్కోసారి అంతకన్నా తక్కువకే దొరుకుతుంది. ఇందులో ఢిల్లీ బండ్ల వాటా కూడా ఉంది. రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదని 2014, 2015లలో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. అప్పటి నుంచి అక్కడి కార్లు ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) కాగితంతో ఇటువైపు దిగుతున్నాయి. కొనేవాళ్లు పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. కారు ధర పదో వంతుకు పడిపోయినా, అందులోని కంట్రోల్ మాడ్యూల్ (ఒక్కో వ్యవస్థను నడిపే కంప్యూటర్ డబ్బా) ధర పడిపోలేదు. ఆ ఒక్క డబ్బా బిల్లు చూసి బండిని షెడ్డులో కవర్ కప్పి వదిలేసిన వాళ్లున్నారు.

ఇంజిన్ శబ్దం మారితే, సస్పెన్షన్ కొట్టుకుంటే మన మెకానిక్‌లు చెవితోనే పట్టేస్తారు. కరెంటు దగ్గరికి వచ్చేసరికే తిప్పలు. పొద్దున స్టార్ట్ చేయగానే ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ఈఎస్‌పీ (బండి జారకుండా చూసేది), ఎయిర్‌బ్యాగ్, గేర్‌బాక్స్, పార్కింగ్ బ్రేక్ హెచ్చరికలన్నీ మీటర్ బోర్డు మీదికి వచ్చేస్తాయి. స్కానర్ (మాడ్యూళ్లు రాసుకున్న తప్పుల కోడ్‌లు చదివే యంత్రం) పెడితే ఇరవై ముప్పై కోడ్‌లు. "అన్నా, మాడ్యూల్ పోయింది, మార్చాలె" అంటాడు చూసినాయన. మారుస్తారు. రెండు వారాలు బాగుంటుంది, మూడో వారం అవే లైట్లు.

అయిదు వ్యవస్థలు ఒకే రాత్రి పాడవడం చాలా అరుదు. ఆ అయిదూ పంచుకునేది ఏదో ఒకటి పాడవడం చాలా మామూలు. అది ఎక్కువసార్లు బ్యాటరీయో, ఎర్తో (కరెంటు తిరిగి వచ్చే దారి), నీళ్లు చేరిన కప్లరో (వైర్లు కలిపే జోడు) అయి ఉంటుంది. మాడ్యూల్ నిజంగా చచ్చిపోవడమూ ఉంటుంది, కాదనను. కానీ అది వరసలో చివర చూడాల్సింది. మన దగ్గర దాన్నే మొదట చూస్తారు, ఎందుకంటే స్కానర్ తెర మీద కనిపించేది మాడ్యూల్ పేరే.

ఒకే జత వైర్ల మీద అందరి మాటలు

అంబాసిడర్‌లో బ్రేక్ లైటు అంటే ఒక స్విచ్, ఒక వైరు, ఒక బల్బు. టెస్ట్ ల్యాంప్ పట్టుకుని వైరు వెంబడి పోతే ఎక్కడ తెగిందో దొరికేది. సౌకర్యాలు పెరిగేకొద్దీ ప్రతి పనికీ ఒక వైరు లాగడం కుదరని పని అయింది. అందుకే బాష్ కంపెనీ 'క్యాన్ బస్' అనే పద్ధతిని తయారుచేసి 1986లో బయటపెట్టింది. 1991లో వచ్చిన మెర్సిడెస్ ఎస్-క్లాస్ దీన్ని వాడిన తొలి కార్లలో ఒకటి. మెలితిప్పిన రెండు సన్నటి వైర్లు కారంతా తిరుగుతాయి. ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకులు, డోర్లు, సీట్లు, మీటర్ బోర్డు, అన్నిటి మాడ్యూళ్లూ వాటికే తగులుకుని, ఎవరి సమాచారం వాళ్లు పంపుతూ, కావలసింది వింటూ ఉంటాయి.

దీనివల్ల వైర్లు తగ్గాయి. ఒక చోటి తప్పు పది చోట్ల కనిపించడమూ దీనివల్లే. బ్రేక్ పెడల్ దగ్గరి స్విచ్ తీసుకోండి. కాలు నొక్కిందన్న సంగతి వెనక లైట్లకు ఒక్కటే కాదు, ఈఎస్‌పీకి కావాలి, క్రూయిజ్ కంట్రోల్‌కు కావాలి, 'పీ' నుంచి గేరు కదలనివ్వాలా వద్దా అని చూసే లాక్‌కు కావాలి. ఆ స్విచ్ సరిగ్గా పనిచేయకపోతే ఈఎస్‌పీ లైటు వెలుగుతుంది, క్రూయిజ్ పట్టదు, గేరు 'పీ'లోనే బిగుసుకుంటుంది. ఓనర్‌కు మూడు జబ్బులు కనిపిస్తాయి. చేయాల్సింది మొత్తం కారులోని చవక స్విచ్‌లలో ఒకదాన్ని మార్చడం.

చక్రాల దగ్గరి స్పీడ్ సెన్సర్ కథా ఇంతే. ఒక్క చక్రం వేగం తెలియకపోతే ఏబీఎస్ పక్కకు తప్పుకుంటుంది, దాని మీద ఆధారపడిన ఈఎస్‌పీ, ట్రాక్షన్ కంట్రోల్ కూడా తప్పుకుంటాయి. కొన్ని కార్లలో స్పీడోమీటర్ ముల్లు కూడా పడిపోతుంది. పొలాల దారుల్లో తిరిగే బండి అయితే సెన్సర్ మొనకు బురద పట్టడం, రింగుకు తుప్పు పట్టడం, బేరింగ్ లూజై గ్యాప్ మారడం, ఈ మూడూ చూసిన తర్వాతే ఏబీఎస్ యూనిట్ మీద అనుమానం పెట్టుకోవాలి. బ్యాటరీ విప్పి మళ్లీ బిగించాక వచ్చే ఈఎస్‌పీ లైటుకైతే చాలా బండ్లలో ఖర్చే లేదు. స్టీరింగ్ ఎటు తిరిగి ఉందో సెన్సర్ మరిచిపోయి ఉంటుంది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి స్టీరింగ్‌ను ఒకవైపు చివరి నుంచి ఇంకోవైపు చివరిదాకా తిప్పి, కాస్త దూరం తిన్నగా నడిపితే లైటు ఆరిపోతుంది.

మొదట బ్యాటరీ

ఈ విషయాన్ని ఎంత చెప్పినా తక్కువే. ప్రతి మాడ్యూలూ ఒక చిన్న కంప్యూటర్. వోల్టేజీ దిగితే అన్నీ ఒకే తీరుగా ఆగిపోవు. ఒకటి రీసెట్ అవుతుంది, ఒకటి మాట్లాడటం మానేస్తుంది, మూడోది ఆ మాట్లాడని దాని మీద కోడ్ రాసి పెట్టుకుంటుంది. ఇదంతా సెల్ఫ్ కొట్టే ఆ ఒకటి రెండు క్షణాల్లో జరిగిపోతుంది. తర్వాత ఇంజిన్ అందుకుంటుంది, వోల్టేజీ పైకి లేస్తుంది, కానీ రాసిన కోడ్‌లు అలాగే ఉంటాయి. "బండి స్టార్ట్ అవుతోంది కదా, బ్యాటరీకేం రోగం" అనే మాట అందుకే నమ్మదగ్గది కాదు. స్టార్ట్ కావడానికి చాలినంత కరెంటు, కంప్యూటర్లన్నీ తికమక పడకుండా ఉండటానికి చాలదు.

చేతిలో ఒక మామూలు మల్టీమీటర్ ఉంటే చాలు. రాత్రంతా ఆపి ఉంచిన కారులో బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12 అంటే దాదాపు అయిపోయినట్టే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఇంకొకరు మీటర్ చూడాలి. 9.6 కన్నా కిందికి పోతే బ్యాటరీ మార్చే సమయం వచ్చింది, లేదా దాని వైర్లలో ఏదో అడ్డం ఉంది. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు 13.8 నుంచి 14.7 మధ్య ఉండటం మామూలు. 2007 తర్వాతి చాలా బీఎండబ్ల్యూలలో ఇంధనం ఆదా కోసం కారే ఆల్టర్నేటర్‌ను (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేదాన్ని) తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, కాబట్టి అక్కడ కాసేపు తక్కువ చూపించిందని ఆల్టర్నేటర్ విప్పేయకూడదు. హెడ్‌లైట్లు, ఏసీ, వెనక అద్దం హీటర్ వేసి మళ్లీ చూడాలి.

అదే మీటర్‌ను ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) వోల్టుల మీద పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మొనల మీద ఆనిస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. అర వోల్టు కన్నా ఎక్కువ చూపిస్తే ఆల్టర్నేటర్‌లోని డయోడ్ పోయి ఉండవచ్చు. అప్పుడు డీసీ రీడింగ్ బాగానే కనిపిస్తుంది గానీ, ఆ అలజడి మాడ్యూళ్లను గందరగోళపెడుతుంది. పైగా చెడిపోయిన డయోడ్ గుండా రాత్రిపూట బ్యాటరీ దిగిపోవచ్చు కూడా.

మన ఎండల సంగతి వేరే చెప్పాలా? వరంగల్‌లో మే నెలలో 44, 45 డిగ్రీలు చూస్తున్నాం. బ్యాటరీని చలి కన్నా వేడి ఎక్కువ తింటుంది. ఎండాకాలంలో లోపల పాడైన బ్యాటరీ, బయటికి మాత్రం డిసెంబరు పొద్దున చల్లని ఇంజిన్ తిప్పలేక దొరికిపోతుంది. మూడు నాలుగేళ్లు దాటిన బ్యాటరీ ఉన్న బండిలో వేరే ఏ వెతుకులాటైనా దాన్ని లోడ్ టెస్టర్‌తో చూపించాకే.

కొత్తది వేసేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. ఈ తరం లగ్జరీ కార్లలో చాలావాటికి ఏజీఎం రకం (ఆమ్లాన్ని గాజుపీచు పొరల్లో పట్టి ఉంచే) బ్యాటరీ వస్తుంది. అది ఖరీదెక్కువని ఇన్వర్టర్ షాపులో చెప్పిన మామూలు బ్యాటరీ పెట్టించేస్తారు. కారు మాత్రం ఏజీఎం ఉందనుకునే చార్జ్ చేస్తుంది, దాంతో కొత్తది తొందరగా పోతుంది. బీఎండబ్ల్యూ ఈ60 (5 సిరీస్), ఈ90 (3 సిరీస్) తరం నుంచి, మైనస్ మొన దగ్గర బ్యాటరీ సెన్సర్ ఉన్న బండ్లలో, కొత్త బ్యాటరీ వేశామని స్కానర్‌తో కారుకు చెప్పాలి కూడా. చెప్పకపోతే అది పాత బ్యాటరీ ముసలితనాన్ని లెక్కలో పెట్టుకునే కొత్తదాన్ని చార్జ్ చేస్తుంది. అయిదు నిమిషాల పని. ఆ పని చేయగల స్కానర్ లేని షాపులో బ్యాటరీ కొన్నా సరే, రిజిస్టర్ చేయించడం మరవద్దు.

రెండు బ్యాటరీల బండ్లూ ఉన్నాయి. 2002 నుంచి వచ్చిన మెర్సిడెస్ డబ్ల్యూ211 ఈ-క్లాస్ తొలి మోడళ్లలో పెద్ద బ్యాటరీ డిక్కీలో, చిన్నది బానెట్ కింద ఉంటుంది. ఆ చిన్నది ఉందనే చాలామందికి తెలియదు. అది దిగిపోతే తెర మీద వింత వింత సందేశాలు వస్తాయి, కిటికీలు, సీట్ల లాంటివి ఆగిపోతాయి, డిక్కీలోది మాత్రం కొత్తదే ఉంటుంది.

ఎర్త్ అనే మరచిపోయిన వైరు

ప్లస్ వైరు మీద అందరికీ గౌరవమే. కరెంటు తిరిగి వచ్చే దారి ఎవరికీ పట్టదు. ఇంజిన్ నుంచి బాడీకి, బాడీ నుంచి బ్యాటరీకి వెళ్లే ఎర్త్ పట్టీలు పదిహేనేళ్లకు కిలుం పట్టి, పోగులు తెగి, బోల్టు కింద తుప్పు చేరి ఉంటాయి. మీటర్‌తో ఓమ్స్ చూస్తే సున్నా దగ్గరే చూపిస్తుంది, ఎందుకంటే ఒక్క పోగు మిగిలినా మీటర్ పంపే చిన్న కరెంటుకు చాలు. అసలు పరీక్ష లోడు మీద చేయాలి. మీటర్ ఒక మొన బ్యాటరీ మైనస్‌కు, ఇంకో మొన ఇంజిన్ లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టించండి. ఆదర్శంగా 0.2 వోల్టుల లోపు ఉండాలి. అర వోల్టు దాటిందంటే ఆ పట్టీ తన పని చేయడం లేదు. విప్పి, గీకి శుభ్రం చేసి, బిగించాలి, లేదా కొత్త పట్టీ వేయాలి. ఇంజిన్‌కు సరైన ఎర్త్ దొరకకపోతే కరెంటు గేర్ కేబుల్ గుండానో, ఏదో సెన్సర్ వైరు గుండానో దారి వెతుక్కుంటుంది. ఆ సెన్సర్ తప్పుడు రీడింగ్ ఇస్తుంది. మనం సెన్సర్ మారుస్తాం.

ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు మసకగా మిణుకుమనడం, హెడ్‌లైటు వేస్తే టెంపరేచర్ ముల్లు కదలడం, ఇలా సంబంధం లేని రెండు పనులు కలిసిపోయాయంటే ముందుగా ఎర్త్ మీదే అనుమానం పెట్టుకోండి.

వైర్ల వయసు కూడా లెక్కలోదే. 1992-95 మధ్య తయారైన కొన్ని మెర్సిడెస్ ఇంజిన్లలో వైర్ల మీది తొడుగు వేడికి పొడిపొడిగా రాలిపోయేది, అది ఆ కంపెనీ చరిత్రలో పేరుమోసిన లోపం. తర్వాతి బండ్లలో అంత ఘోరం లేదు గానీ, తరచూ వంగే చోట్ల వైరు తెగడం మామూలే. డిక్కీ మూత దగ్గరి వైర్ల కట్ట, డ్రైవర్ డోర్‌కూ స్తంభానికీ మధ్య రబ్బరు గొట్టంలో ఉన్న కట్ట, ఈ రెండు చోట్లా రబ్బరు జరిపి చేత్తో ఒక్కో వైరూ వంచి చూడాలి. పైతొడుగు బాగుండి లోపలి రాగి తెగిన వైరు కంటికి కనిపించదు, వంచితే మెత్తగా తగులుతుంది. ఇక ఎలుకలు. వరి కోతలయ్యాక బండి వారం పాటు కదలకుండా ఉంటే బానెట్ తీసి చూడటం మన జిల్లాల్లో అలవాటు చేసుకోవాల్సిన పని.

నీళ్లు ఎక్కడ చేరతాయో

జులై, ఆగస్టుల్లో వచ్చే ఫిర్యాదుల్లో సగం ఈ ఖాతాలోవేనని నా అభిప్రాయం. వైపర్ల కింద ఉన్న జాలీ గుండా వాన నీరు లోపలికి దిగి, రెండు పక్కలా ఉన్న రంధ్రాల గుండా కిందికి పోవాలి. వేపచెట్టు, చింతచెట్టు కింద బండి పెడితే ఆ సన్నటి ఆకులు జాలీ దాటి రంధ్రాల్లో చేరి బురదవుతాయి. నీరు నిలుస్తుంది. ఆడి ఏ4 బీ6, బీ7 మోడళ్లలో ఆ తొట్టిలోనే ఇంజిన్ కంప్యూటర్ డబ్బా ఉంటుంది. చాలా బెంజ్ మోడళ్లలో ఫ్యూజులు, రిలేలు, మాడ్యూలు కలిసిన 'సామ్' పెట్టె ముందు భాగంలో, ఆ తడికి దగ్గరలోనే ఉంటుంది.

సన్‌రూఫ్ ఉన్న బండ్లలో దాని నాలుగు మూలల నుంచి నీరు దిగే గొట్టాలుంటాయి. అవి మూసుకుపోతే నీరు స్తంభాల గుండా కార్పెట్ కిందికి చేరుతుంది. తొలి తరం స్కోడా సూపర్బ్, ఆ కాలపు ఫోక్స్‌వ్యాగన్ పస్సాట్ లాంటి బండ్లలో డోర్లు, కిటికీలు చూసే మాడ్యూల్ సరిగ్గా ముందు కార్పెట్ కిందే ఉంటుంది. పైన కార్పెట్ ఆరినట్టే ఉంటుంది, కింద స్పాంజి మాత్రం నీళ్లు పీల్చుకుని నెలల తరబడి తడిగా ఉంటుంది. కిటికీలు వాటంతట అవే దిగాయంటే, హారన్ అర్ధరాత్రి మోగిందంటే స్కానర్ కన్నా ముందు చెయ్యి కార్పెట్ కింద పెట్టి చూడండి. డిక్కీలో స్టెప్నీ గుంట కూడా చూడాలి. బ్యాటరీ, ఆడియో, పార్కింగ్ సెన్సర్ల మాడ్యూళ్లు అక్కడ పెట్టిన కంపెనీలు చాలా ఉన్నాయి. వెనక లైటు చుట్టూ రబ్బరు ఎండిపోతే నీళ్లన్నీ ఆ గుంటలోకే.

వరద బండ్లది మరో కథ. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగినప్పుడు ఎన్ని బండ్లలోకి నీళ్లు వెళ్లాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. వాటిలో కొన్ని శుభ్రంగా తుడిచి మళ్లీ అమ్మకానికి వచ్చాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, బురద గీత కనిపిస్తుంది. సీటు పట్టాల బోల్టుల తుప్పు కూడా దాచలేరు. వరద బండి కరెంటు తప్పులకు అంతుండదు, ఎందుకంటే ప్రతి కప్లర్ లోపలా కిలుం మొదలై ఉంటుంది, ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకొకటి. అలాంటిది ఎంత చవకగా వచ్చినా వద్దు.

తడిసిన మాడ్యూల్‌ను అప్పుడే పారేయకండి. బ్యాటరీ విప్పి, డబ్బా తెరిచి, బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి బ్రష్‌తో కడిగి పూర్తిగా ఆరబెడితే బతికేవి తక్కువేం కాదు. హెయిర్ డ్రయర్ దగ్గరగా పెట్టి కాల్చడం, డబ్ల్యూడీ-40 పిచికారీ చేసి ఊరుకోవడం మాత్రం వైద్యం కాదు.

కోడ్‌లు చదివే పద్ధతి

కోడ్ అనేది స్టేషన్‌లో రాయించిన ఫిర్యాదు లాంటిది, దాన్ని తీర్పు అనుకుంటే అమాయకుడికి శిక్ష పడుతుంది. ఎవరు ఎవరి మీద పెట్టారో చూడాలి. 'పీ'తో మొదలయ్యేవి ఇంజిన్, గేర్‌బాక్స్‌వి, 'సీ' బ్రేకులు, స్టీరింగ్ లాంటి ఛాసిస్‌వి, 'బీ' బాడీవి, 'యూ' మాడ్యూళ్ల మధ్య మాటలవి. యూ0121 అంటే ఏబీఎస్ మాడ్యూల్ పాడైందని కాదు, దాని నుంచి మాట వినపడటం లేదని ఇంకొకరు చెబుతున్నారని. దాని ఫ్యూజు పోయినా, ఎర్త్ వదిలినా, కప్లర్ తడిసినా అదే కోడ్. పీ0562 అంటే వోల్టేజీ తగ్గిందని. అది కనిపిస్తే మిగతావన్నీ పక్కన పెట్టి బ్యాటరీ దగ్గరికి తిరిగి వెళ్లాలి.

స్కానర్ పెట్టగానే 'క్లియర్' నొక్కే అలవాటు మానిపించండి. ముందు అన్ని మాడ్యూళ్ల కోడ్‌లూ ఫోన్‌లో ఫోటో తీసుకోవాలి. పాతవి ఎప్పటివో, ఇప్పుడు ఉన్నవి ఏవో, కొన్ని కార్లు ఎన్ని కిలోమీటర్ల దగ్గర వచ్చిందో కూడా చెబుతాయి, అవన్నీ క్లియర్ చేస్తే పోతాయి. తర్వాత బ్యాటరీని చార్జర్‌తో నిండుగా చార్జ్ చేసి, అప్పుడు కోడ్‌లు చెరిపి, బండి నడపాలి. మొదట తిరిగి వచ్చే కోడ్ ఏదో అదే అసలు దారి చూపిస్తుంది. ముప్పైలో రెండో మూడో మాత్రమే తిరిగి రావడం మామూలు.

ఆన్‌లైన్‌లో కొన్ని వందలకు దొరికే బ్లూటూత్ ముక్క ఇంజిన్ కోడ్‌లు చదువుతుంది, అంతే. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, డోర్ల మాడ్యూళ్ల లోపలికి పోవాలంటే ఆ కంపెనీ తెలిసిన సాఫ్ట్‌వేర్ కావాలి. బెంజ్‌కు జెంట్రీ, బీఎండబ్ల్యూకు ఇస్టా, ఆడి, స్కోడా, ఫోక్స్‌వ్యాగన్‌కు వీసీడీఎస్ లాంటివి. అవి ఉన్న చేతులు వరంగల్‌లో లేకపోతే హైదరాబాద్ పోవాల్సిందే, కానీ బ్యాటరీ, ఎర్త్, నీళ్లు చూసుకుని పోతే అక్కడి బిల్లు సగమవుతుంది. స్కానర్ అసలు వెలగకపోతే బెంబేలు పడొద్దు. డ్యాష్‌బోర్డు కింది సాకెట్‌లో 16వ పిన్‌కు బ్యాటరీ కరెంటు, 4, 5 పిన్‌లకు ఎర్త్ రావాలి. చాలా కార్లలో ఆ కరెంటూ సిగరెట్ లైటర్ కరెంటూ ఒకే ఫ్యూజు నుంచి వెళ్తాయి, చవక ఫోన్ చార్జర్ పెట్టినప్పుడు ఆ ఫ్యూజు ఎగిరిపోయి ఉంటుంది.

వైర్ల వ్యవహారమే అనిపిస్తే ఇంకో పరీక్ష ఉంది. వేగంగా పనిచేసే క్యాన్ లైను రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి. బ్యాటరీ విప్పి ఆ రెండు వైర్ల మధ్య కొలిస్తే దాదాపు 60 ఓమ్‌లు రావాలి. 120 వచ్చిందంటే ఎక్కడో ఒక వైపు తెగింది, సున్నా దగ్గర వచ్చిందంటే రెండు వైర్లూ కలిసిపోయాయి. సాకెట్‌లో 6, 14 పిన్‌లు ఆ జతవే. అయితే మధ్యలో గేట్‌వే మాడ్యూల్ (ఒక లైను మాటలు ఇంకో లైనుకు చేరవేసేది) ఉన్న బండ్లలో సాకెట్ దగ్గర కొలిస్తే గేట్‌వే దాకా ఉన్న ముక్కే తెలుస్తుంది, లోపలి లైన్లు తెలియవు. డోర్లు, సీట్లు నడిపే నెమ్మది లైన్లకు ఈ 60 లెక్క చాలాసార్లు వర్తించదు కూడా.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగితే

ఆపిన కారు 50 మిల్లీ ఆంపియర్ల లోపే వాడాలి. అర ఆంపియర్ వాడుతోందనుకోండి, రోజుకు 12 ఆంపియర్ అవర్లు. 70 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడు రోజుల్లో సగానికి వస్తుంది, పెళ్లికి ఊరెళ్లి వచ్చేసరికి బండి కదలదు.

కొలవడంలో తొందరపడితే తప్పుడు లెక్క వస్తుంది. కారు ఆపాక మాడ్యూళ్లు ఒక్కొక్కటిగా నిద్రపోతాయి, దానికి పదిహేను నిమిషాల నుంచి అరగంట దాకా పడుతుంది. బానెట్, డోర్ లాక్‌ల గొళ్లేలను స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసినట్టు చేయాలి, రిమోట్ కీని దూరంగా పెట్టాలి, అప్పుడు క్లాంప్ మీటర్ చూడాలి. ఏ దారిలో పోతోందో తెలుసుకోవడానికి ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకి పెట్టకండి. మళ్లీ పెట్టగానే నిద్రపోయిన మాడ్యూళ్లు లేస్తాయి. ఫ్యూజు పైన ఉండే రెండు చిన్న మొనల మీద మిల్లీ వోల్టులు కొలిస్తే, సున్నా కానిది ఎక్కడుందో పీకకుండానే తెలుస్తుంది.

దొరికే దొంగలు తరచూ మామూలువే: ఆరని డిక్కీ లైటు, మూసినా తెరిచి ఉందని చెప్పే డోర్ లాక్ స్విచ్, బయట బిగించిన ఆండ్రాయిడ్ స్టీరియో, డ్యాష్‌క్యామ్, ఫైనాన్స్ కంపెనీ పెట్టించి మరిచిపోయిన జీపీఎస్ ట్రాకర్. కంపెనీ వైరింగ్ కోసి బయటి సామాను అతికించిన బండిలో ముందు ఆ అతుకులు విప్పి చూడండి.

ఆడియో పూర్తిగా మూగబోవడం గురించి ఒక మాట. 2000ల నాటి చాలా బీఎండబ్ల్యూ, బెంజ్, ఆడి కార్లలో రేడియో, యాంప్లిఫయర్, ఫోన్ యూనిట్ కాంతితో పనిచేసే ఫైబర్ వలయంలో ఉంటాయి. వలయంలో ఒక్కటి చచ్చినా మొత్తం ఆగుతుంది. అనుమానం ఉన్న యూనిట్‌ను తీసేసి, రెండు ఫైబర్ చివరలనూ కలిపే చిన్న లూప్ ముక్క పెడితే మిగతావి పలుకుతాయి. అంతకుముందు యాంప్లిఫయర్ తడిసిందేమో చూడటం మరవకండి.

చేయి పెట్టకూడనివి, మార్చేముందు అడగాల్సినవి

పసుపు రంగు కప్లర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది. మల్టీమీటర్ దాని దగ్గరికి పోకూడదు, మీటర్ పంపే చిన్న కరెంటుకే బ్యాగ్ పేలే ప్రమాదముంది. సీటు కింది పసుపు కప్లర్ లూజై ఎయిర్‌బ్యాగ్ లైటు రావడం చాలా మామూలు గానీ, దాన్ని ముట్టుకునే ముందు బ్యాటరీ విప్పి, కంపెనీ చెప్పినంత సేపు ఆగాలి. ఆ లైటుతో పాటు హారన్, స్టీరింగ్ బటన్లు కూడా పనిచేయకపోతే స్టీరింగ్ లోపల తిరిగే రిబ్బన్ కేబుల్, అంటే క్లాక్ స్ప్రింగ్ తెగి ఉంటుంది. డబ్ల్యూ211 తొలి మోడళ్ల ఎలక్ట్రానిక్ బ్రేకు, ఎస్‌బీసీ, ఎర్ర హెచ్చరిక ఇస్తే బండి నడపకండి, ట్రక్కు మీద పంపండి. ఆ బ్రేకుల ప్యాడ్‌లు కూడా స్కానర్‌తో ఆ వ్యవస్థను ఆపకుండా మార్చకూడదు, పిస్టన్ వేళ్లను నలిపేస్తుంది.

అన్నీ చూశాక మాడ్యూలే పోయిందని తేలితే సెకండ్ హ్యాండ్‌ది వెతకవచ్చు. పార్ట్ నంబర్ చివరి అక్షరం దాకా కలవాలి. మీటర్ బోర్డు, కీ, ఇంజిన్ కంప్యూటర్, స్టీరింగ్ లాక్ లాంటివి ఆ కారు చాసిస్ నంబర్‌తో ముడిపడి ఉంటాయి, ఊరికే మార్చి తగిలిస్తే బండి స్టార్టే కాకపోవచ్చు. కొత్త కోడింగ్ ఎవరు చేస్తారో, చేయకపోతే డబ్బు వెనక్కి ఇస్తారో ముందే మాట్లాడుకోండి. మీటర్ బోర్డు తెరలో అక్షరాలు కొరికినట్టు కనిపిస్తే మాత్రం మొత్తం మార్చనక్కర్లేదు. ఈ39 బీఎండబ్ల్యూ లాంటి వాటిలో తెరకు కరెంటు తెచ్చే రిబ్బన్ అతుకు ఊడిపోవడం వల్ల అలా అవుతుంది, దాన్నొక్కటే బాగుచేసేవాళ్లున్నారు. బోర్డు మార్చిన ప్రతిసారీ కిలోమీటర్ల లెక్క గురించి రాతపూర్వకంగా తీసుకోవడం అమ్మేటప్పుడు పనికొస్తుంది.

కొనబోయే బండిలో అయితే లైట్లు వెలుగుతున్నాయా అన్నదాంతో పాటు వెలగాల్సినవి వెలుగుతున్నాయా అని కూడా చూడాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లి, స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేయండి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, ఇంజిన్, బ్యాటరీ, ఆయిల్ లైట్లు ముందు వెలగాలి, తర్వాత వాటి వేళకు అవి ఆరాలి. ఎయిర్‌బ్యాగ్ లైటు అసలు వెలగలేదంటే ఎవరో బల్బు పీకేసి ఉంటారు. ఆయిల్ లైటుతో కలిసి సరిగ్గా అదే క్షణంలో ఆరిందంటే రెండిటినీ ఒకే వైరుకు అతికించి ఉంటారు. అమ్మేవాళ్లు "అన్నా, సింగిల్ ఓనర్, ఒక్క లైటు కూడా లేదు చూడు" అని బోర్డు చూపిస్తున్నప్పుడు, మీ స్కానర్ ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ లోపలికి వెళ్లనివ్వమని అడగండి. వద్దంటే అడ్వాన్స్ జేబులోనే ఉంచుకుని వచ్చేయవచ్చు.